మగ్గం గదికి నీలం అద్దం

ఈ పనిలోకి కొత్తగా దిగినవాళ్ళు నా దగ్గరికొచ్చి అడిగేది ఎప్పుడూ ఒకటే ప్రశ్న. పాత కిటికీ తీసేసి కొత్తది పెట్టాలంటే ఏది మంచిది? చెక్కా, అల్యూమినియమా, ప్లాస్టిక్కా? బరంపురంలోనూ చుట్టుపక్కల గంజాం ఊళ్ళలోనూ కిటికీలు ఊడబీకి, కొత్తవి బిగించి బతికినవాణ్ణి నేను. ఈ ప్రశ్న వినీ వినీ విసుగొచ్చేసింది. జవాబు చెప్పే ఓపిక కూడా తగ్గింది. ప్రతివాడికీ విడివిడిగా చెప్పేకంటే ఒకసారి కూర్చుని రాసి పడేస్తే నా గొంతుకి కాస్త విశ్రాంతి దొరుకుతుందని ఇది మొదలుపెట్టాను.

నేను ఎలా పైకొచ్చాను, నాకెవరు శాలువా కప్పారు అనేవి ఇందులో ఉండవు. శాలువా ఎవరూ కప్పలేదు. కిటికీ బాగుంటే ఎవరికీ గుర్తుండం. వాన లోపలికి కొడితే మాత్రం వీధి చివరిదాకా మన పేరే వినిపిస్తుంది. ఈ వృత్తి స్వభావమే అంత, ముందే తెలుసుకుని దిగండి.

పాత కిటికీ ఎక్కడ చచ్చిందో చూడండి

ఐటీఐ చదువు అయ్యాక గోసాని నువాగాంలో ఒక తలుపులూ కిటికీల దుకాణంలో చేరాను. యజమాని పాత్రో బాబు. ఒడియా ఆయన. తెలుగు మనకంటే వేగంగా మాట్లాడేవాడు గానీ కోపం మాత్రం ఒడియాలోనే వచ్చేది. నా ఉద్యోగం అంతా ఆయన దగ్గరే గడిచింది.

ఆయన నేర్పిన మంచి సంగతి ఒకటుంది. పాత కిటికీని పీకే ముందు అది ఎక్కడ చచ్చిందో చూడమనేవాడు. చట్రానికి కింది అడ్డచెక్క, అదే కమ్మీ, కుళ్ళితే నీళ్ళ వల్ల. పైన గుల్లయితే చెదలు పైకప్పు నుంచి దిగుతున్నాయని అర్థం. రెక్క ఒక పక్కకి వాలితే బందులు బరువు ఆపలేకపోతున్నాయన్న మాట. "పాత కిటికీ ఎందుకు పోయిందో తెలీకుండా కొత్తది అమ్మితే, అది కూడా అలాగే పోతుంది భాయి" అనేవాడు. నూటికి నూరుపాళ్ళు నిజం.

ఆయన దగ్గర ఉన్న చెడ్డ అలవాటు కూడా చెప్పాలి. గోడౌన్లో ఏ సరుకు ఎక్కువ మిగిలి ఉంటే ఆ వారం అదే ప్రపంచంలోకెల్లా మంచి సరుకు. ఆయన అబద్ధమాడుతున్నాడని అనను. చెప్పేటప్పుడు ఆయన కూడా నమ్మేవాడు. మీకు దొరికే యజమానుల్లో చాలామంది ఇలాగే ఉంటారు, దానికి గుండెలు బాదుకోనక్కర్లేదు.

ఇనుము, చెక్క, మిగతావి

సోనేపూర్లో సముద్రానికి దగ్గరగా ఒక ఇంటికి ఇనప చట్రాలు పెట్టాం. కింద ఎర్ర రంగు, పైన ఆకుపచ్చ రంగు, చూడ్డానికి ముచ్చటగా ఉన్నాయి. రెండో వానాకాలం వచ్చేసరికి ఉప్పుగాలికి ఊచలు పొరలు పొరలుగా లేచిపోయాయి. ఆ ఇంటి ముసలమ్మ ఒక పొర గోటితో పీకి నా చేతిలో పెట్టింది.

"ఏటి బాబూ, ఇనుమని సెప్పి అప్పడాలు ఎట్టీసి ఎల్లిపోనావు?"

ఆ తర్వాత అక్కడ అల్యూమినియం వేశాం. దానికి కూడా పూత సరిగా లేకపోతే తెల్లటి పొక్కులొస్తాయి. అల్యూమినియానికి మామూలు ఇనప మరలు బిగించేవాణ్ణి దగ్గరికి రానివ్వకండి. చట్రం బతుకుతుంది, మర చస్తుంది, ఒకరోజు గాలికి రెక్క వీధిలో పడుతుంది.

అంకులిలో కొత్త ఇళ్ళకి అందరూ జరిపే కిటికీలే అడిగారు. పక్కింటివాళ్ళు పెట్టారు కాబట్టి వీళ్ళకీ కావాలి. జరిపే కిటికీ కింద గాడిలో నీళ్ళు పోవడానికి చిన్న కన్నాలుంటాయి. తాపీమేస్త్రి శుభ్రంగా ఉండాలని వాటిని సిమెంటుతో పూడ్చేస్తాడు. తుపాను వాన తూర్పు నుంచి కొట్టిన రోజు గాడి నిండి నీళ్ళు పరుపు మీదికి వస్తాయి. అప్పుడు తిట్లు మనకి. పని అయ్యాక ఒక చెంబెడు నీళ్ళు గాడిలో పోసి, బయటికి పోతున్నాయా లేదా చూసుకుని గాని ఇంటికి వెళ్ళకండి.

చెక్క నాకు ఇష్టం. కానీ ఇష్టం వేరు, సలహా వేరు. ఎండిన మంచి టేకు దొరికితే, పైన చూరు ఉంటే, ఏటేటా నూనె పట్టించే మనిషి ఇంట్లో ఉంటే చెక్కే పెట్టమంటాను. ఈ మూడూ ఉన్న ఇల్లు నాకు బహు అరుదుగా తగిలింది. ప్లాస్టిక్ చట్రాలు చివరి కాలంలో వచ్చాయి. ఉప్పుకీ చెదలకీ లొంగవు. లోపల ఉక్కు పట్టీ వేశాడో లేదో అడిగి, చూపించమని, చూసి కొనండి. లేకపోతే ఎండ తగిలే వైపు వంకర తిరుగుతుంది.

ఇదంతా ఎవరైనా చెప్పగలరు. కంపెనీ వాడు అచ్చేసి పంచే కాగితంలో కూడా దొరుకుతుంది. నన్ను నిజంగా అలసిపోయేలా చేసింది వేరే ఇల్లు. అక్కడ మేం సరుకు సరిగ్గానే ఎంచాం. అయినా ఒక మనిషి బతుకు కొంచెంలో పోయేది.

వీధి లేచింది, ఇల్లు కుంగింది

పాత బరంపురంలో పట్టు నేసేవాళ్ళ వీధి. ఇళ్ళు గోడకి గోడ ఆనుకుని పొడుగ్గా ఉంటాయి. వెలుతురు రావడానికి వీధి వైపు ఒక కిటికీ, వెనక పెరటి వైపు ఒకటో రెండో. మగ్గం గది వీధి వైపే. అది గుంట మగ్గం, అంటే నేసే మనిషి నేలలో తవ్విన గుంటలో కాళ్ళు దించి నేలమట్టాన కూర్చుంటాడు. అందుకని ఆ గది కిటికీ కూడా నేలకి జానెడు ఎత్తులోనే మొదలవుతుంది. కూర్చున్న మనిషి మోచేతి దగ్గర వెలుతురు పడాలి.

ఆ ఇల్లు కట్టినప్పుడు బాగానే ఉండి ఉంటుంది. తర్వాత మునిసిపాలిటీ వాళ్ళు రోడ్డు మీద రోడ్డు పోసి, పోసి వీధిని లేపేశారు. కిటికీ గట్టూ రోడ్డూ దాదాపు ఒక మట్టానికి వచ్చాయి. కాలవ నీళ్ళు చిమ్మి చెక్క చట్రం కింది కమ్మీ పుచ్చిపోయింది. దాన్ని మార్చాలని పిలిచారు. పాత్రో బాబూ నేనూ వెళ్ళాం.

ఇంటి పెద్ద అప్పన్న. నేను బాబాయ్ అనేవాణ్ణి. ఆయన చిన్నప్పటి నుంచీ ఆ గుంటలోనే కూర్చుని నేశాడు. కొడుకు చలపతి ఆఫీసులో గుమాస్తా, మగ్గం జోలికి రాలేదు.

చలపతి మమ్మల్ని చూడగానే మొదలుపెట్టాడు. "ఈ కిటికీని నడుమెత్తుకి లేపీండి మేస్త్రి గారూ. రోడ్డు మీద పోయిన ప్రతివాడూ ఇంట్లోకి తొంగి చూస్తున్నాడు. ఆడాళ్ళు తిరగలేకపోతున్నారు."

గుంటలోంచి అప్పన్న బాబాయ్ తల తిప్పకుండానే అన్నాడు. "లేపితే ఎలుతురు నా పేక మీద పడతాదేటి? నెత్తి మీద పడతాది. నెత్తితో నేస్తానేటి నాను?"

"లైటు పెట్టుకోవచ్చు కదా నాన్నా."

"దీపం కింద సూసిన రంగు రంగు కాదురా. పొద్దుటి ఎలుతురులో, ఈ కిటికీ కాడ సూసిందే రంగు. మా అయ్య అలాగే సూసినాడు, నాను అలాగే సూస్తన్నాను."

అది వాళ్ళ పని పద్ధతి. పట్టు దారం చుట్టిన కండెలు ఉదయంపూట కిటికీ దగ్గర పెట్టి, రంగు కలిసిందో లేదో అక్కడే తేల్చుకుంటారు. ఒకసారి అక్కడ సరే అనుకున్నాక ఇక దాని మీద అప్పీలు లేదు.

నేను ముసలాయన వైపే మాట్లాడాను. కిటికీ ఎక్కడుందో అక్కడే ఉండాలన్నాను. చట్రం మాత్రం చెక్క వద్దు, కాలవ నీళ్ళు చిమ్ముతాయి, అల్యూమినియంలో జరిపే కిటికీ పెడదాం అన్నాను. మిగిలిన తగువు పాత్రో బాబు తీర్చాడు. "తండ్రికీ సంతోషం, కొడుక్కీ సంతోషం. కిటికీ కదపొద్దు, అద్దం మారుద్దాం. నీలం మెరుపు అద్దం ఉంది నా దగ్గర. లోపలివాళ్ళకి బయట కనిపిస్తుంది, బయటివాళ్ళకి వాళ్ళ మొహమే కనిపిస్తుంది."

అప్పట్లో ఆ అద్దం బరంపురంలో కొత్త మోజు. కొత్తగా లేస్తున్న దుకాణాలన్నింటికీ అదే. అందరూ ఒప్పుకున్నారు. బిగించిన రోజు అప్పన్న బాబాయ్ గుంటలో కూర్చుని బయటికి చూసి నవ్వాడు.

"పోయీవోల కాళ్ళు నాకు కనిపిస్తన్నాయి, నా మొకం ఆలకి కనిపించదు. ఇదేదో బాగుంది బాబూ. ఎండ కూడా సల్లగా వస్తంది."

నేను కూడా సంతోషంగా ఇంటికి వెళ్ళాను. పాత కిటికీ ఎక్కడ చచ్చిందో చూశాం, అక్కడ చావని సరుకు పెట్టాం, ముసలాయనకి కావలసిన ఎత్తు నిలబెట్టాం. ఇంతకంటే ఏం చేస్తారు ఎవరైనా?

కళ్ళు పోయాయన్నారు

ఏడాది తర్వాత చలపతి దుకాణానికి వచ్చాడు. మొహం వాడిపోయి ఉంది.

"వెనక పెరటి కిటికీలు మార్చాలి మేస్త్రి గారూ. చెక్క మాదే ఇస్తాం. మగ్గం తీసేస్తున్నాం. పాతకాలం చెక్క, మీరు చూస్తే వదలరు."

"మగ్గం ఎందుకు తీస్తున్నారు?"

"నాన్న కళ్ళు పోయాయండి. రంగులు తెలీటం లేదు."

ఒక పెళ్ళిచీర నేశాడట. ఎర్ర చీర. చీర ఒంటి మధ్యలో ఒక కండె అయిపోయి ఇంకో కండె ఎక్కించిన దగ్గర ఎరుపు మారిపోయింది. చీర మధ్యలో బెత్తెడు వెడల్పున నల్లటి ఎరుపు పట్టీ. ఆ చీర నేయించుకున్న షావుకారు వీధిలో అందరి ముందూ చీర విప్పి చూపించి తిరిగిచ్చేశాడు. అప్పన్న బాబాయ్ పెరట్లో నిలబడి ఆ పట్టీని చూశాడు. ఆయనకీ కనిపించింది. నేసేటప్పుడు మాత్రం కనిపించలేదు. కూర్చుని పని మొదలెడితే కళ్ళు అలిసిపోతున్నాయని ఆయనే అనుకున్నాడు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే శుక్లం మొదలైంది, ఇంకా ముదరలేదు అన్నాడు. అది కూడా నిజమే, ఆ వయసులో ఎవరికి ఉండదు? ఇంకో రెండు చీరలు అలాగే పాడయ్యాయి. అప్పుడు మగ్గం తీసేద్దామన్నారు. ఆయన అన్నం మానేసి కొన్నాళ్ళు గొడవపడి, చివరికి సరే అన్నాడు.

చలపతి ఇదంతా చెప్పి, "మా అమ్మతో కూడా సరిగ్గా మాట్లాడటం లేదండి" అని వెళ్ళిపోయాడు.

మర్నాడు ఉదయం కొలతలకి వెళ్ళాను. మగ్గం గుంజలు రెండు అప్పటికే ఊడదీసి పెరట్లో గోడకి ఆనించి ఉన్నాయి. చేతులు తగిలి తగిలి నున్నగా మెరుస్తున్న చెక్క. నిజంగానే వదలబుద్ధి కాని చెక్క. చలపతి వాటి పక్కన నిలబడి నా కోసం చూస్తున్నాడు. నేను ముందు బాబాయ్‌ని పలకరించి వస్తానని మగ్గం గదిలోకి దిగాను.

ఆయన ఖాళీ గుంట అంచున కూర్చుని ఉన్నాడు. చేతిలో రెండు ఎర్ర కండెలు. నన్ను చూడగానే వాటిని నా ముందు పెట్టాడు.

"నువ్వు సెప్పు బాబూ. నీకు ఎవరి పచ్చమూ నేదు గదా. ఇవి ఒకటా, రెండా?"

దుమ్మూ కాలవ నీళ్ళూ పడకుండా ఎప్పుడూ మూసే ఉంచే ఆ కిటికీ దగ్గరికి వంగి చూశాను. రెండూ ఒకటే ఎరుపు. అదే చెప్పాను.

ఆయన మొహంలో ఒక్కసారి ప్రాణం లేచి వచ్చింది. "అదే నాను సెప్తన్నాను. ఇంట్లో అందరూ రెండంటన్నారు. మా ఇంటిది సావిట్లో కూకుని రెండంటాది. నా కొడుకు రెండంటాడు. నన్ను మగ్గం మీంచి దించీడానికి అందరూ ఒకటైపోనారు."

షావుకారు చీరలో పట్టీ ఆయనే చూశాడు కదా. ఎవరూ అబద్ధమాడటం లేదు. నేను కండెలు తీసుకుని వీధిలోకి వెళ్ళాను. ఎండలో పట్టుకుంటే ఒకటి కుంకుమ ఎరుపు, రెండోది వక్క రంగు కలిసిన ఎరుపు. పసిపిల్ల కూడా చెప్పగలదు. మళ్ళీ లోపలికి వచ్చి కిటికీ దగ్గర పెట్టాను. ఒకటే.

నా కళ్ళకి శుక్లాలు లేవు.

ఆ నీలం అద్దం ఎరుపుని మింగేస్తోంది. అంతే సంగతి. ఆయన తన కళ్ళని అనుమానించాడు, పెళ్ళాన్ని అనుమానించాడు, కొడుకుని అనుమానించాడు. కిటికీని మాత్రం అనుమానించలేదు. తండ్రి కాలం నుంచీ రంగుకి తీర్పు చెప్పింది ఆ కిటికీ. దాన్ని ఎలా అనుమానిస్తాడు? చట్రం మారినా, అద్దం మారినా ఆయనకి అది అదే కిటికీ. ఈ మాట తర్వాత పాత్రో బాబుకి చెప్తే, "అద్దంలో లోపమేం లేదు కదా భాయి" అన్నాడు. లేదు. సరుకు మంచిదే. ఆయన్ని తిట్టడానికి కూడా నాకు ఓపిక లేకపోయింది.

మీరు ఎంత బాగా కొలిచినా, ఎంత మంచి చట్రం పెట్టినా, ఆ కిటికీ దగ్గర ఎవరు కూర్చుని ఏం చేస్తారో అడక్కపోతే మీ పనికి అర్థం లేదు. అడిగితే చాలదు, వాళ్ళు కూర్చునే చోట మీరూ కాసేపు కూర్చోండి. నేను ఆ రోజు దాకా ఎత్తు గురించే అడిగాను. వెలుతురు ఎంత వస్తుందని చూశాను గాని, ఎలాంటి వెలుతురు వస్తుందని చూడలేదు.

రెక్క తీశాక

జరిపే రెక్క తీయడం తేలిక. పైకి ఎత్తి, కింది అంచు ముందుకి లాగితే చేతిలోకి వచ్చేస్తుంది. తీసి గోడకి ఆనించాను. వీధి దుమ్మూ, స్కూటర్ల మోతా, తెల్లటి వెలుతురూ ఒక్కసారిగా గదిలోకి వచ్చాయి.

"ఇప్పుడు చూడు బాబాయ్."

ఆయన కండెలు రెండూ అరచేతిలో పెట్టుకుని చూశాడు. వేలితో ఒకదాన్ని పక్కకి జరిపాడు. మళ్ళీ దగ్గరికి చేర్చాడు.

"రెండు" అన్నాడు.

సంతోషిస్తాడనుకున్నాను. సంతోషించలేదు. కండెలు నేల మీద పెట్టి రెండు చేతులతో కళ్ళు మూసుకున్నాడు. "ఈ కళ్ళని ఎంత తిట్టినాను బాబూ. పొద్దున్న లేచి అద్దంలో సూసుకుని తిట్టినాను."

మాటలు విని ఆయన భార్య నారాయణమ్మ గది గుమ్మం దగ్గరికి వచ్చింది. ఆమెకి మోకాళ్ళు పట్టేసి చాలా కాలమైంది. గదిలోకి రెండు మెట్లు దిగాలి. దిగలేక ఎప్పుడూ గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. కూరగిన్నె అందించినా, కండె అందుకున్నా అక్కణ్ణుంచే.

ఆయన ఆమె వైపు చూడకుండా అన్నాడు. "రెండేనే."

"నాను అప్పుడే సెప్పినాను గదా."

"సెప్పినావు. కొడుకు మాట మోసుకొచ్చినావనుకున్నాను."

ఆమె నా వైపు తిరిగింది. నన్ను అడిగింది ఏం జరిగిందని. అద్దం సంగతి చెప్పాను. ఆమె గోడకి ఆనించిన నీలం రెక్క వైపు చాలాసేపు చూసింది.

"అయితే అక్కడ కూకుంటే నాకూ ఒకటే కనిపిస్తాదేటి?"

"కనిపిస్తుంది పిన్నీ."

"ఏదీ, ఎట్టు. సూస్తాను."

రెక్క మళ్ళీ గాడిలోకి ఎక్కించాను. గది మళ్ళీ నీలంగా అయింది. నా భుజం పట్టుకుని, పళ్ళ బిగువున నొప్పి ఓర్చుకుని, ఆమె మెట్లు దిగింది. ఆయన జరిగి చోటిచ్చాడు. ఆమె గుంట అంచున ఆయన కూర్చునే చోట కూర్చుంది. కండెలు చేతిలోకి తీసుకుని కిటికీ దగ్గర పెట్టింది. ఒకటి తిప్పింది, రెండోది తిప్పింది. కళ్ళు చిట్లించి చూసింది.

"ఒకటే" అంది.

ఇంకోసారి చూసి, ఇంకా మెల్లగా, "ఒకటే సుమా. ఒక్కపాలి దిగొచ్చి సూసినాను కాదు" అని ఆయన చెయ్యి పట్టుకుంది.

అప్పటిదాకా ఏడవని మనిషి అప్పుడు ఏడ్చాడు. భుజాలు కదిలిపోయేలా, చిన్న పిల్లాడిలా ఏడ్చాడు. ఆమె కండెలు ఒడిలో పెట్టుకుని, ఆయన చెయ్యి వదలకుండా కూర్చుంది.

నాకు ఏడ్చేవాళ్ళ దగ్గర నిలబడటం చేతకాదు. నీలం రెక్క తీసి వీధిలో పెట్టి, పెరట్లోకి వెళ్ళి చలపతికి రెండు ముక్కల్లో అద్దం సంగతి చెప్పాను. టేపు జేబులోనే ఉంది, కొలతలు తీయలేదు. ఒక గుంజ భుజానికెత్తుకుని లోపలికి తెచ్చి మగ్గం గదిలో దించాను. రెండోదాని కోసం వెనక్కి తిరిగేసరికి, చలపతి దాన్ని మోసుకుంటూ ఎదురొచ్చాడు.